నదుల పేర్లు గల నౌకలు - తెలుగు తీరం

మొగామి, మికుమ, సుజుయ, కుమనో - ఇవి నాటి జపాను సామ్రాజ్యంలోని నదుల పేర్లు. చోకాయ్ ఒక పర్వతం. తేలికపాటి క్రూయిజర్లకు నదుల పేర్లు, భారీ క్రూయిజర్లకు పర్వతాల పేర్లు పెట్టడం ఆ దేశపు నౌకాదళ సంప్రదాయం. నదిని తల్లిగా తలచే తెలుగువారికి ఇందులో వింత తోచదు. అయితే 1942 ఏప్రిల్‌లో ఆ నదీనామాలే తెలుగు తీరానికి భయకారణాలైనాయి.

క్రూయిజరు అనగా బాటిల్‌షిప్పు కన్న చిన్నది, డిస్ట్రాయరు కన్న పెద్దది అయిన యుద్ధనౌక. సుదూరం వేగంగా పయనించి శత్రువుల వాణిజ్య నౌకలను వేటాడడం దాని ముఖ్య కార్యాలలో ఒకటి. మొదటి ప్రపంచ యుద్ధానంతరం అగ్రరాజ్యాలు ఆయుధ పోటీని అరికట్టదలచి 1922లో వాషింగ్టన్‌లో సంధి కుదుర్చుకొన్నాయి. క్రూయిజరు బరువు 10,000 టన్నులకు, ఫిరంగి గొట్టపు వ్యాసం 8 అంగుళాలకు మించరాదని అందులో నిర్ణయించారు. 1930 నాటి లండన్ సంధి మరొక అడుగు వేసి, భారీ క్రూయిజర్ల సంఖ్యను అమెరికాకు 18, బ్రిటనుకు 15, జపానుకు 12గా పరిమితం చేసింది.

చోకాయ్ మొదలగు తకావో తరగతి నౌకలు నాలుగూ 1932లో పూర్తి కావడంతో జపాను వాటా నిండిపోయింది. అప్పుడు ఆ దేశం ఒక ఉపాయం పన్నింది. మొగామి తరగతి నౌకలను 155 మిల్లీమీటర్ల ఫిరంగులు పదిహేనింటితో 'తేలిక' క్రూయిజర్లుగా నిర్మించింది. బరువు 8,500 టన్నులని ప్రకటించినా అసలు బరువు అంతకు ఎంతో ఎక్కువ. మాటలో దాచిన బరువు ఉక్కులో దాగలేదు. 1935లో జరిపిన పరీక్షలలో నౌకల అతుకులు బీటలు వారగా, బలపరచవలసి వచ్చింది. సంధి బంధం తొలగిన పిమ్మట, 1939 ప్రాంతాన, ఆ ఫిరంగులను తీసివేసి 203 మిల్లీమీటర్లవి పదేసి అమర్చారు. పేరు నదిదే, నౌక మాత్రం భారీ క్రూయిజరు!

1942 మార్చిలో రంగూను, ఆ వెనుక అండమాను దీవులు జపాను వశమైనాయి. పొట్టకూటికై బర్మా వెళ్ళిన తెలుగువారు వేలాదిగా తరలిరాసాగారు. ఏప్రిల్ 1వ తేదీన వైస్ అడ్మిరల్ ఒజావా తన పతాక నౌక చోకాయ్‌తో, నాలుగు మొగామి తరగతి నౌకలతో, తేలిక క్రూయిజరు యుర, చిన్న విమానవాహక నౌక ర్యూజోలతో బర్మాలోని మెర్గుయి నుండి బయలుదేరాడు. 5వ తేదీన మరొక జపాను నౌకాదళం కొలంబోపై దాడి చేసింది. మరునాడు ఒజావా బలగం మూడు భాగాలుగా విడిపోయి ఒరిస్సా, ఆంధ్ర తీరాల వెంట నౌకలను వేటాడింది. ఆ కొద్ది రోజులలో ఇరవైకి పైగా వాణిజ్య నౌకలు మునిగిపోయాయి. ర్యూజో నుండి లేచిన విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. అడ్డుకొనగల బ్రిటిష్ నౌకాదళం దరిదాపుల లేదు.

ప్రాణనష్టం స్వల్పమే అయినా, కలవరం స్వల్పం కాదు. జనం మూటాముల్లె సర్దుకొని విశాఖను వదిలిపోయారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలింది. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసిన సింధియా నౌకానిర్మాణ కేంద్రం పనులు కుంటుపడ్డాయి. ఆ కేంద్రాన్ని తలపెట్టిన వాల్‌చంద్ హీరాచందే 1940 డిసెంబరులో మైసూరు సంస్థాన సహకారంతో బెంగుళూరులో విమాన కర్మాగారాన్ని స్థాపించాడు. తీరం బెదిరిన ఆ కాలంలోనే, సముద్రానికి దూరంగా ఉన్న ఈ కర్మాగారం ప్రాముఖ్యం పెరిగింది. 1942లో భారత ప్రభుత్వం దాని నిర్వహణ చేపట్టింది; 1943 నుండి అమెరికా సైనిక విమానాల మరమ్మతులకు అది కేంద్రమైంది.

దండెత్తి వచ్చిన ఆ నౌకల గతి ఏమైంది? విశాఖపై బాంబులు పడిన సరిగ్గా రెండు నెలలకు, జూన్ 6న, మిడ్వే యుద్ధంలో మికుమ మునిగింది. ఆగస్టులో ర్యూజో, అక్టోబరులో యుర కడలిపాలైనాయి. 1944 అక్టోబరు 25న, ఒక్కరోజునే, ఫిలిప్పీన్స్ జలాలలో చోకాయ్, మొగామి, సుజుయ నశించాయి. నెల తిరుగగానే కుమనో కూడా వాటిని అనుసరించింది. సంధి మాటను దాటి సంపాదించిన బలం పదేళ్ళయినా నిలువలేదు.

విశాఖ నౌకానిర్మాణ కేంద్రం మాత్రం నిలిచింది. అక్కడ నిర్మించిన 'జల ఉష'ను 1948 మార్చి 14న ప్రధాని నెహ్రూ జలప్రవేశం చేయించారు. 2022లో జపాను నౌకలు మళ్ళీ విశాఖకు వచ్చాయి - ఈసారి భారత నౌకాదళంతో కలిసి విన్యాసాలు జరపడానికి. ఆ ఏడాదే మొగామి పేరు గల కొత్త నౌక జపాను దళంలో చేరింది. నది పేరు మారలేదు. మారినవి దేశాల మధ్య మాటలు. విశాఖ మ్యూజియంలో నాటి జపాను బాంబు ఒకటి నేటికీ ఉన్నది. దానిని చూడబోయే విద్యార్థులు ఫిరంగుల కొలతలతోపాటు, ఇచ్చిన మాట విలువను కూడా జ్ఞాపకం చేసికొనుట మంచిది.