పట్టపగటి చుక్కలు

"పట్టపగలే చుక్కలు కనిపించాయి" అని మనం తరచూ అంటూనే ఉంటాం, కందిపప్పు ధర విన్నప్పుడో, పిల్లల ఫీజు రసీదు చేతికొచ్చినప్పుడో. అయితే మా తెనాలి, బాపట్ల, రేపల్లెల మీద నిజంగానే పట్టపగలు చీకటి పడి చుక్కలు పొడిచిన రోజు ఒకటుంది. 1868 ఆగస్టు 18, మంగళవారం, శ్రావణ బహుళ అమావాస్య. ఆడవాళ్లకి వేరే చెప్పాలా, పోలాల అమావాస్య! కందమొక్కకు పసుపుతోరం కట్టి, పిల్లల్ని చల్లగా చూడమ్మా అని మొక్కుకునే రోజు.

ఆ ఉదయం సంపూర్ణ సూర్యగ్రహణం. చంద్రుడి నీడ బీజాపూరు మీదుగా వచ్చి, గుంటూరు, బందరు దాటి సముద్రంలోకి వెళ్లింది. మా మూడూళ్లూ ఆ నీడలోవే. చీకటి ఐదు నిమిషాలకు పైగా నిలిచింది.

ఆ ఐదు నిమిషాల కోసం దొరలు సముద్రాలు దాటి వచ్చారు. మేజర్ టెనెంట్ బృందం గుంటూరులో దిగింది. ఫ్రాన్సు నుంచి వచ్చిన జాన్సెన్ కూడా అక్కడే, ఒక ఫ్రెంచి వర్తకుడి ఇంట్లో మకాం పెట్టాడు. మద్రాసు అబ్జర్వేటరీ పోగ్సన్ బందరు వెళ్లాడు. ఆయన సహాయకుడు చింతామణి రఘునాథాచారి వనపర్తిలో మరో బృందానికి పెద్ద. అప్పటికి మా ఊళ్లకి రైలే లేదు. అంతంత దూరబీనులూ, గాజుపలకలూ ఇక్కడిదాకా ఎలా చేర్చారో అని ఆశ్చర్యం వేస్తుంది.

టెనెంట్ పట్టుదలంతా ఫోటో తియ్యాలని. గ్రహణానికి పనికొచ్చే మొదటి ఫోటో 1851లో ప్రష్యాలో తీశారు. 1860లో స్పెయిన్‌లో ఇంకా బాగా వచ్చాయి. మన నేల మీద ఇంత సరంజామాతో పూనుకున్నది మాత్రం ఇప్పుడే. ఫోటో అంటే ఇప్పట్లా సెల్‌ఫోను నొక్కడం కాదు. గాజుపలక మీద కొలోడియన్ అనే జిగురుద్రావకం పోసి, పెనం మీద నూనె తిప్పినట్టు అటూ ఇటూ వంచి సమంగా పరిచేవారు. చీకటిగుడారంలో దాన్ని వెండిలవణపు నీళ్లలో ముంచి, తడి ఆరకముందే దూరబీనుకి తగిలించాలి. ఆరకముందే తిరిగి తెచ్చి కడగాలి. తడి ఆరిందా, ప్లేటు పోయినట్టే. అదీ మన ఆగస్టు ఉక్కలో!

పైగా మఖకార్తె. మబ్బు రాకుండా ఉంటుందా? పల్చటి తెర అడ్డం వచ్చింది. చీకటి ఉన్నంతసేపట్లో ఆరు ప్లేట్లు తీశారు. వెలుతురు చాలక అవి మసకగానే వచ్చాయి. అయినా నల్లని బింబం అంచున పెద్ద కొమ్ములా లేచిన మంట వాటిలో పడింది. దాన్ని 'గొప్ప కొమ్ము' అనే పిలిచారు.

జాన్సెన్ కథ ఇంకా తమాషా. ఆ మంటల కాంతిని గాజుపట్టకంతో విడదీసి చూస్తుంటే, ఇంత ప్రకాశవంతమైన గీతలు గ్రహణం లేకపోయినా కనబడాలి కదా అని తోచింది. ఆనాడు మబ్బు పట్టేసింది. మర్నాడు పొద్దున్నే గుంటూరులోనే మామూలు సూర్యుడి మీద ప్రయత్నించాడు. కనబడ్డాయి! ఇంగ్లండులో లాకియర్ తనంతట తానే అదే పద్ధతి కనిపెట్టాడు. ఇద్దరి ఉత్తరాలూ పారిస్ అకాడమీ ముందుకి ఒక్కరోజే వచ్చాయి. ఆ గ్రహణంలో అగుపించిన పసుపు గీత సోడియంది కాదనీ, కొత్త పదార్థానిదనీ తర్వాత తేలింది. మన పిల్లల పుట్టినరోజు బెలూన్లలో నింపే హీలియమే అది.

వాళ్ల నివేదికలు సరే. ఆ వేళ తెనాలిలో మన ముత్తవ్వలు ఏం చూశారు? ఏమీ చూసి ఉండరనే నా అనుమానం. తలుపులు బిగించి, ఊరగాయజాడీల మీద దర్భలు పరిచి, కడుపుతో ఉన్నవాళ్లని వెల్లకిలా పడుకోబెట్టి ఉంటారు. 1980 ఫిబ్రవరి 16న ఉస్మానియావారి రంగాపురం అబ్జర్వేటరీకి దేశదేశాల శాస్త్రజ్ఞులు వచ్చి గ్రహణం చూస్తుంటే, నన్ను మోస్తున్న మా అమ్మ తెనాలిలో కిటికీలకు దుప్పట్లు కట్టిన గదిలో కదలకుండా పడుకుంది. నిజమే, వట్టి కంటితో సూర్యుణ్ణి చూస్తే చూపు పోతుంది. కానీ పూర్తిగా చీకటిపడ్డ ఆ కాసేపు కంటికి భయం లేదు. ఆ సంగతి ఆనాటి ఆడవాళ్లకి ఎవరు చెప్పారు గనక!

ఇప్పుడు అమావాస్య రాత్రుళ్లు బాపట్ల కుర్రాళ్లు సూర్యలంక ఇసుకలో ముక్కాలిపీట మీద కెమెరా నిలబెట్టి పాలపుంతని ఫోటో తీస్తున్నారు. అరనిమిషం తెరిచి ఉంచితే చాలట. వాళ్ల బాధ మబ్బులు కాదు, దీపాలు. రేపల్లె దాటి నిజాంపట్నం వైపు వెళ్తే రొయ్యలచెరువుల వెలుగుకి సగం చుక్కలు ఆకాశంలోనే ఆరిపోతాయి.

మన దేశంలో మళ్లీ సంపూర్ణ గ్రహణం 2034 మార్చి 20న, లడఖ్ వైపు. అమ్మకు చెప్పాను.

"అప్పటికి కడుపుతో ఎవరూ ఉండరుగా, టిక్కెట్లు చూడు," అంది.