పడుగుపేకల విద్యుత్తు



మన ఆదవానిసీమ నిజాము ప్రభుత్వమునుండి ఆంగ్లేయ కంపెనీకి దత్తమైనది 1800 సంవత్సరమున. ఆ యేటనే ఇటలీదేశపు వోల్టా పండితుడు వెండిబిళ్లలను, తుత్తునాగపు బిళ్లలను ఉప్పునీట తడిపిన అట్టముక్కలతో దొంతరగా పేర్చి, ఎడతెగక పారు విద్యుత్తును లోకమునకు జూపెను. అది పారునని తెలిసినది; ఏ దారిని పారునో తెలియుటకు మరికొంత కాలము పట్టినది.

ఇంగ్లండున నాటింగుహాము చెంత పిండిమర నడుపుకొను జార్జి గ్రీను, బడిచదువు మిక్కిలి కొద్దిగానే కలవాడు, 1828లో దీనికి గణితమార్గము చూపెను. ఆయన చెప్పిన భావమును పాఠ్యగ్రంథములు శక్మమనును. నేను నా శిష్యులకు మట్టమని చెప్పెడివాడను. తుంగభద్ర దిగువకాలువను మట్టము చూచియే కదా త్రవ్విరి! మిట్టనుండి పల్లమునకు నీరు పారును. ఒకే మట్టమున నున్న రెండు తావుల నడుమ పారదు. విద్యుత్తును అంతే.

1845లో ప్రష్యాదేశమున కిర్కాఫ్ అను ఇరువదియొక్క యేండ్ల విద్యార్థి గుండ్రని రాగిరేకులోనికి విద్యుత్తును పంపి, దానిపై సమమట్టపు తావులను వెదకి గుర్తించెను. నేటి బడులలోని ప్రయోగము దాని సంతతియే. వెడల్పైన గాజుపళ్లెరమున పలుచగా నీరు పోసి, ఇరుప్రక్కల రెండు లోహపుముక్కల నుంచి బ్యాటరీకి కలుపుదురు. గాల్వనోమీటరు తీగె నొకదానిని ఒకచోట నిలిపి, రెండవదానిని నీటిలో జరుపుదురు. ముల్లు కదలని చోట్లన్నియు మొదటిదానితో సమమట్టములు. వానిని కలిపిన సమమట్టరేఖ యేర్పడును. ఆ రేఖలను నిలువుకోణమున ఖండించుచు పోవునవే విద్యుత్ క్షేత్రరేఖలు. మాచాని సోమప్పగారు 1938లో స్థాపించిన చేనేత సహకారసంఘము గల ఎమ్మిగనూరువారికి ఇది వింత గాదు: పడుగును పేక ఖండించు తీరే యిది. మగ్గముపై నూలు తిన్ననిది, ఇచ్చట రేఖలు వంపుదేరును, అంతియే భేదము.

దీనివలన రైతునకేమి యందురా? ప్రాణమే. గాలివానకు తెగి నేలబడిన కరెంటుతీగె చుట్టును మట్టిలో ఇట్టి రేఖలే వలయములై పుట్టును. తీగె చెంత మట్టము హెచ్చు. దూరమైన కొలది తగ్గును. ఒక పాద మొక వలయమున, రెండవది వేరొక వలయమున పడినచో, ఆ భేదముచే దేహముగుండ విద్యుత్తు పారును. ఎద్దు ముందుకాళ్లకును వెనుకకాళ్లకును ఎడము మనిషి యడుగుకంటె హెచ్చు. కావున మనిషి నిలిచినచోటనే ఎద్దు కూలును. దానిని లేపబోయిన యజమానియు తీగెను ముట్టకయే మడియవచ్చును.

కావున తెగిన తీగెవైపు పోరాదు, పశువులను తోలరాదు, విద్యుచ్ఛాఖవారు సరఫరా ఆపి చెప్పువరకు పడిన పశువును ముట్టరాదు. తెలియక దాపునకు పోయినచో పరుగిడరాదు. పాదములు రెండును జేర్చి, నేల విడువక, కొంచెము కొంచెముగా జరుగుచు వెలికి రావలెను. ఈ మాట రచ్చబండమీద వానకాలమునకు ముందే చెప్పుట పెద్దల ధర్మము.