నెత్తిన గాటున్న డబ్బా

మదర్‌బోర్డు మీద బారుగా నిలబడే చిన్న అల్యూమినియం డబ్బాలు చూసే ఉంటారు. కెపాసిటర్లు; ఫ్యాన్ మెకానిక్ భాషలో కండెన్సర్లు. వాటి నెత్తిన ప్లస్ ఆకారంలోనో ఇంగ్లీషు కె అక్షరంలానో గాట్లుంటాయి. సోకు కోసం పెట్టినవి కావు. లోపల గ్యాసు పుడితే డబ్బా తూటాలా లేవకుండా అక్కడే చిరగాలని ఫ్యాక్టరీలోనే గీసి పంపుతారు. ఎలా చావాలో పుట్టినప్పుడే నొసట రాయించుకొచ్చిన వస్తువన్నమాట! ఇది తెలిశాక దాని వంశం కూపీ లాగకుండా ఉండలేకపోయాను.

మూలపురుషుడు ఓ గాజు సీసా. 1745లో జర్మనీలో క్లైస్ట్, మరుసటేడు హాలండ్‌లోని లైడెన్‌లో ముషెన్‌బ్రూక్ సీసాలో విద్యుత్తును నిలవచేశారు. తగిలిన దెబ్బకి, ఫ్రాన్సు రాజ్యం మొత్తం ఇస్తానన్నా మళ్లీ దాని జోలికి పోనన్నాడు ముషెన్‌బ్రూక్. ఆ ఫ్రాన్సులోనే నోలే అనే మతగురువు 180 మంది సైనికుల చేతులు కలిపించి, రాజుగారి ఎదుటే అందర్నీ ఒక్కసారి ఎగిరిపడేలా చేశాడు.

నాకు మరీ నచ్చింది అమెరికా శాస్త్రవేత్త బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఉదంతం. 1750 క్రిస్మస్‌కి రెండ్రోజుల ముందు అలాంటివే రెండు పెద్ద జాడీల విద్యుత్తుతో టర్కీ కోడిని చంపబోయి, ఆ దెబ్బ తానే తిన్నాడు. పిస్తోలు పేలినంత చప్పుడైందని చుట్టూ ఉన్నవాళ్లు చెప్పారు. ఆయనకు మాత్రం ఏదీ వినపడలేదు, కనపడలేదు. చేతులకూ మెడకూ పట్టిన తిమ్మిరి తెల్లారేదాకా వదల్లేదు. అంతటివాడు అన్నకి ఉత్తరం రాస్తూ సిగ్గుపడ్డాడు.

తర్వాత దాదాపు నూటయాభై ఏళ్లు దాటేద్దాం. 1896లో పోలక్ అనే పోలండ్ ఇంజనీరు అల్యూమినియంతో, బోరాక్స్ ద్రావణంతో చేసిన కెపాసిటర్‌కి పేటెంటు కోసం దరఖాస్తు పెట్టాడు. సీసా డబ్బాగా మారడానికి దారి పడిందక్కడే.

2000 ప్రాంతంలో తైవాన్ డబ్బాలు కుప్పలుగా ఉబ్బాయి. నీరెక్కువున్న ద్రావణం అల్యూమినియాన్ని తినకుండా ఆపే మందు కలపాలి. అది లేకపోతే హైడ్రోజన్ పుడుతుంది. ఆ ద్రావణం ఫార్ములా దొంగిలించినవాళ్లకి సగమే దొరికిందని పత్రికలు రాశాయి, రుజువు మాత్రం కాలేదు. 2005లో డెల్ కంపెనీ ఒక్కటే మరమ్మతుల ఖర్చు కింద 30 కోట్ల డాలర్లు చూపింది.

ఉబ్బినదాన్ని ఊడదీసి కొత్తది అతికించే మెకానిక్కులు అప్పుడు వీధికొకరుండేవారు. ఇప్పుడు బోర్డే పారేయమంటున్నారు. ఇది నాకు బొత్తిగా మింగుడుపడదు.

మీరే బాగుచేద్దామని దిగితే మాత్రం పవర్ సప్లై పెట్టె విప్పకండి. అందులోని పెద్ద కెపాసిటర్లలో ప్లగ్గు పీకిన తర్వాత కూడా 300 వోల్టులకు పైగా మిగిలి ఉండొచ్చు.