కండ్లకలకకు యాంటీబయాటిక్ చుక్కలు: ఎప్పుడు అవసరం, ఎలా వేసుకోవాలి

వానాకాలం వస్తే ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు ప్రాంతాల్లో కండ్లకలక మాట తరచుగా వినిపిస్తుంది. బుడమేరు, తమ్మిలేరు పొంగి కొల్లేరులో కలిసే రోజుల్లో లంక గ్రామాల్లో మంచినీళ్లకే కటకట. ఇక చేతులు, ముఖం మాటిమాటికీ కడుక్కోవడం ఎక్కడ కుదురుతుంది? కన్ను ఎర్రబడగానే చాలామంది నేరుగా మెడికల్ షాపుకు వెళ్లి ఐ డ్రాప్స్ అడుగుతారు. పక్కింటివాళ్లు వాడి పెట్టిన సీసా తెచ్చుకునేవాళ్లూ ఉన్నారు. కానీ ఎర్రబడిన ప్రతి కంటికీ యాంటీబయాటిక్ పనిచేయదు. సీసా తప్పితే చూపే పోయే ప్రమాదం ఉంది.

ఏ రకం కండ్లకలక?

కనురెప్పల లోపలి వైపునూ, తెల్లగుడ్డునూ కప్పి ఉండే పలుచని పొర వాచడమే కండ్లకలక. ఇది ముఖ్యంగా మూడు రకాలు.

బాక్టీరియా వల్ల వస్తే పసుపు లేదా ఆకుపచ్చ రంగులో చిక్కటి పుసి వస్తుంది. పొద్దున్న లేచేసరికి రెప్పలు అతుక్కుపోతాయి. పిల్లల్లో ఇది ఎక్కువ.

వైరస్ వల్ల వస్తే నీళ్లు ధారగా కారతాయి, కంట్లో ఇసుక పడ్డట్టు గరగరలాడుతుంది. జలుబు, గొంతునొప్పి తోడు ఉండొచ్చు. ఒక కంట్లో మొదలై ఒకటి రెండు రోజుల్లో రెండో కంటికీ పాకుతుంది.

అలర్జీ అయితే దురదే ప్రధానం. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటదు.

2023 జులై, ఆగస్టు నెలల్లో రెండు తెలుగు రాష్ట్రాలతో పాటు దేశమంతా కండ్లకలక చుట్టుముట్టింది. అప్పుడు ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షించిన శాంపిళ్లలో దాదాపు అన్నీ వైరస్ వల్ల వచ్చినవే. వైరస్‌ను యాంటీబయాటిక్ చంపలేదు. అలాంటి కండ్లకలక ఒకటి నుంచి మూడు వారాల్లో దానంతట అదే తగ్గుతుంది. చల్లటి గుడ్డ కాపడం, డాక్టర్ చెబితే కన్నీటి చుక్కలు చాలు. అనవసరంగా యాంటీబయాటిక్ వాడితే బాక్టీరియా ఆ మందుకు అలవాటు పడి, నిజంగా అవసరమైన రోజున మందు పనిచేయకుండా పోతుంది.

డాక్టర్లు రాసే చుక్కలు

బాక్టీరియా కండ్లకలకకు సాధారణంగా మాక్సిఫ్లోక్సాసిన్, ఆఫ్లోక్సాసిన్, సిప్రోఫ్లోక్సాసిన్, టోబ్రామైసిన్, క్లోరాంఫెనికాల్ లాంటివి రాస్తారు. ఇవి డాక్టర్ చీటీ మీదే అమ్మాల్సిన మందులు. తేలికపాటి ఇన్ఫెక్షన్ మందు లేకుండా కూడా ఒకటి రెండు వారాల్లో తగ్గొచ్చు. చుక్కలు వేస్తే త్వరగా తగ్గుతుంది, ఇంట్లో మిగతావాళ్లకు అంటడమూ తగ్గుతుంది. రోజుకు ఎన్నిసార్లు, ఎన్ని రోజులు అన్నది మందును బట్టి మారుతుంది కాబట్టి చీటీలో ఉన్నట్టే వాడాలి. రెండు రోజుల్లో ఎరుపు తగ్గిందని మధ్యలో ఆపేయకూడదు. రెండు మూడు రోజులైనా గుణం కనిపించకపోతే మళ్లీ డాక్టర్‌కు చూపించాలి.

వేసుకునే పద్ధతి

ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. కాచి చల్లార్చిన నీటిలో ముంచిన శుభ్రమైన దూదితో పుసి తుడవాలి. ఒక కంటికి వాడిన దూది రెండో కంటికి వాడకూడదు. చెరువు నీళ్లు, కాలువ నీళ్లు కంటికి తగలనివ్వొద్దు.

తల వెనక్కి వంచి, కింది రెప్పను మెల్లగా లాగితే చిన్న సంచిలా ఏర్పడుతుంది. అందులో ఒక్క చుక్క వేయాలి. కంట్లో పట్టేది ఒక చుక్కంతే. రెండో చుక్క చెంప మీదికి జారిపోవడమే. సీసా మూతి కంటికి, రెప్పవెంట్రుకలకు, వేలికి తగలకూడదు. కన్ను మూసి, ముక్కు పక్కన లోపలి మూలను వేలితో ఒకటి రెండు నిమిషాలు నొక్కి ఉంచితే మందు గొంతులోకి దిగదు. రెండు రకాల చుక్కలుంటే మధ్యలో కనీసం 5 నిమిషాలు ఆగాలి. ఆయింట్‌మెంట్ ఉంటే చివర్లో పెట్టాలి. దానివల్ల కాసేపు చూపు మసకబారుతుంది, భయపడక్కర్లేదు.

పసిపిల్లలు కన్ను తెరవకపోతే పడుకోబెట్టి లోపలి మూలలో చుక్క వేస్తే, కన్ను తెరిచినప్పుడు లోపలికి జారుతుంది.

సీసా తెరిచిన తేదీ దాని మీదే రాసుకోవాలి. మామూలుగా నాలుగు వారాలు దాటితే పారేయాలి. ఒకరి సీసా ఇంకొకరు వాడకూడదు.

స్టిరాయిడ్ కలిసిన సీసాతో జాగ్రత్త

కొన్ని చుక్కల్లో యాంటీబయాటిక్‌తో పాటు స్టిరాయిడ్ కలిసి ఉంటుంది. లేబుల్ మీద డెక్సామెథాసోన్, బీటామెథాసోన్, ప్రెడ్నిసొలోన్ లాంటి పేర్లు ఉంటే అది స్టిరాయిడే. వేయగానే ఎరుపు, మంట తగ్గుతాయి కాబట్టి మంచి మందు అనిపిస్తుంది. కానీ లోపల ఫంగస్, హెర్పిస్ వైరస్ ఉంటే అవి విజృంభిస్తాయి. ఎక్కువ కాలం వాడితే కంటి ప్రెషర్ పెరిగి గ్లాకోమా, శుక్లం వచ్చే ప్రమాదం ఉంది. కంటి డాక్టర్ చూడకుండా వీటిని వాడకూడదు.

ఈ ప్రాంతంలో ఇది మరీ ముఖ్యం. సార్వా, దాళ్వా కోతల్లో, నూర్పిళ్లలో, రైస్ మిల్లుల్లో వరి ఆకు కోసుకోవడం, ఊక, గింజ కంట్లో పడటం మామూలే. అలా నల్లగుడ్డు మీద గీత పడితే ఫంగస్ చేరి పుండు అవుతుంది. అది కూడా ఎర్రబడి నీళ్లు కారుతుంది కాబట్టి కండ్లకలకే అనుకుంటారు. యాంటీబయాటిక్ దానికి పనిచేయదు, స్టిరాయిడ్ అయితే పుండును ఇంకా పెంచుతుంది. చేపల చెరువుల్లో చల్లే సున్నం, బ్లీచింగ్ పౌడర్ కంట్లో పడితే చుక్కల కోసం వెతకొద్దు. దగ్గరున్న శుభ్రమైన నీళ్లతో కనీసం 15 నిమిషాలు ధారగా కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

వుజూ, సుర్మా, రోజా

కండ్లకలక కళ్లలోకి చూస్తే అంటుకోదు. చేతులు, తువ్వాళ్లు, దిండు గలీబుల ద్వారా అంటుతుంది. ఉన్నన్నాళ్లూ వుజూ తర్వాత సొంత రుమాలే వాడాలి. ముసాఫహా మానేసి నోటితో సలాం చెబితే చాలు. ఇంటిల్లిపాదీ ఒకే సలాయితో సుర్మా పెట్టుకోవడం అసలు వద్దు. కొన్ని రకాల సుర్మాలో సీసం ఉంటుంది, పిల్లలకు అది మామూలు రోజుల్లోనూ ప్రమాదమే. నందివర్ధనం పూలు, తల్లిపాలు, తేనె లాంటివి కంట్లో వేయొద్దు.

రంజాన్‌లో రోజా పోతుందేమోనని చుక్కలు మానేసేవాళ్లున్నారు. 1997లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ కంటి చుక్కలతో రోజా భంగం కాదని, గొంతులోకి వచ్చినది మింగకుండా ఉండాలని తీర్మానించింది. సందేహం ఉంటే స్థానిక ఉలమాను అడగాలి, అంతేగానీ మందు ఆపకూడదు.

ఆలస్యం చేయకూడనివి

కింది వాటిలో ఏది ఉన్నా అదే రోజు డాక్టర్‌కు చూపించాలి:

- కంట్లో గట్టి నొప్పి, వెలుతురు చూడలేకపోవడం
- పుసి తుడిచాక కూడా చూపు మసకగా ఉండటం
- నల్లగుడ్డు మీద తెల్లమచ్చ
- కంటికి దెబ్బ తగిలి ఉండటం, ఏదైనా గుచ్చుకోవడం
- కాంటాక్ట్ లెన్సులు వాడే అలవాటు (వెంటనే తీసేయాలి)
- నెలలోపు బిడ్డ కళ్లలో పుసి: ఇది ఎమర్జెన్సీ, చుక్కలతో సరిపోదు

ముందుగా దగ్గర్లోని పీహెచ్‌సీ లేదా తాడేపల్లిగూడెం ఏరియా ఆసుపత్రి, లేకపోతే ఏలూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి వెళ్లొచ్చు. నల్లగుడ్డు మీద పుండు ఉందని తేలితే విజయవాడ తాడిగడపలో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. వెళ్లేటప్పుడు అప్పటిదాకా వాడిన సీసాలన్నీ వెంట తీసుకెళ్లాలి. ఏ మందు పడిందో తెలిస్తేనే డాక్టర్ సరైన చికిత్స మొదలుపెట్టగలరు.