రెండు పుల్లలు పట్టిన తేడా

"వంద మిల్లీమీటర్లు జరగమంటే యాభై దగ్గర ఆగిపోయింది నాన్నా."

కొడుకు ఆ మాట మళ్లీ అన్నాడు. తండ్రి పలకలేదు. ఆయన చూపు మెషీన్ మీద లేదు, గోడకి ఆనించిన టేకు పలకల మీద ఉంది. ఊళ్లో ఒకరు కొత్తింటి పూజగది తలుపుల కోసం ఇచ్చిన కర్ర అది. వాళ్ల తాత నాటిన చెట్టట. పాడైతే డబ్బిచ్చి తెచ్చిపెట్టేది కాదు.

కోనసీమలో ఒక పల్లె. ఇంటి వెనక రేకుల షెడ్డు. తరాలుగా ద్వారబంధాలూ మంచాలూ బీరువాలూ తయారైన చోటే ఇప్పుడు సీఎన్‌సీ రౌటర్ వచ్చి కూర్చుంది. రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవున్న ఇనప బల్ల, దానిమీద ముందుకీ వెనక్కీ నడిచే అడ్డదూలం, దూలానికి మోటారు, మోటారు కొసన బిట్టు. కంప్యూటర్ చెప్పిన చోటికి వెళ్లి, చెప్పినంత లోతు చెక్కుతుంది. అమ్మినవాళ్ల మనిషి వచ్చి బిగించి వెళ్లాలి. రేపు, ఎల్లుండి అంటూ రోజులు గడిపారు. తలుపులకి ముహూర్తం దగ్గరపడుతోంది. కొడుకే స్పానర్ పట్టుకున్నాడు. పేర్లు వేయొద్దన్నారు తండ్రీకొడుకులు. జరిగింది మాత్రం ఏదీ దాచకుండా చెప్పారు.

యాభై దగ్గర ఆగడానికి కారణం మర్నాడు పొద్దున దొరికింది. ఈ మెషీన్‌ని నడిపే మోటార్లు అడుగులేస్తాయి. ఒక చుట్టుకి 200 అడుగులు. ఒక్కో అడుగుని డ్రైవర్ అనే చిన్న పెట్టె 8 ముక్కలు చేస్తే చుట్టుకి 1600. మోటారు ఒక చుట్టు తిరిగితే మరల కడ్డీ దూలాన్ని 5 మిల్లీమీటర్లు తోస్తుంది. అంటే కంప్యూటర్ ముక్కకొకటి చొప్పున మిల్లీమీటరుకి 320 పల్సులు పంపాలి. కొడుకు కంప్యూటర్‌లో సరిగ్గా 320 అనే రాశాడు. కానీ డ్రైవర్ పక్కనున్న బుల్లి స్విచ్చులు 8కి బదులు 16 ముక్కలకి పెట్టి ఉన్నాయి. పంపిన పల్సులన్నీ అందాయి, దూలం మాత్రం సగమే నడిచింది. గోరుతో ఒక స్విచ్చు జరిపాడు. వందంటే వంద వచ్చింది.

"అంకె తప్పయితే మెషీన్‌కి తెలీదన్న మాట" అన్నాడు పెద్దాయన. అది దెప్పడం కాదు. అప్పుడే ఆయనకి దానిమీద ఆసక్తి మొదలైంది.

ఈ మెషీన్ వంశం కూడా చెక్క దగ్గరే మొదలైందని ఆయనకి చెప్పాలనిపించింది నాకు. అమెరికాలో మిషిగన్ రాష్ట్రం, ట్రావర్స్ సిటీ. రెండో ప్రపంచయుద్ధం రోజులు. జాన్ పార్సన్స్ మూతబడిన ఫర్నిచర్ ఫ్యాక్టరీలో సికోర్‌స్కీ హెలికాప్టర్లకి రెక్కలు తయారు చేసేవాడు. రెక్క లోపలి చెక్క భాగాల వంపుకి వాళ్లిచ్చిన నక్షాలో 17 బిందువులే ఉన్నాయి. వాటి మధ్య గీత కలపడం పనివాడి చేతిలో ఉంది. ఒక రెక్క విఫలమవడంతో పార్సన్స్ తయారీ పద్ధతినే మొదటి నుంచీ తిరగేశాడు. తర్వాత ఫ్రాంక్ స్టూలెన్ అనే ఇంజినీర్ అతనితో చేరాడు. ఆఫీసుల్లో జమాఖర్చులు వేసే ఐబీఎం పంచ్‌కార్డు యంత్రాలతో లెక్క కట్టించి, 17 బిందువులకి బదులు 200 బిందువులు తీయించారు.

అన్ని బిందువులు చేతికొచ్చాక ఏం చేశారన్నదే ఈ చరిత్రలో నాకు బాగా ఇష్టమైన ఘట్టం. మిల్లింగ్ మెషీన్ దగ్గర ముగ్గురు నిలబడ్డారు. ఒకడు కాగితం చూసి అంకెలు పైకి చదివాడు. ఒకడు పొడవు చక్రం, ఇంకొకడు వెడల్పు చక్రం ఆ అంకె దాకా తిప్పారు. చదవడం, తిప్పడం, కోత. మళ్లీ చదవడం. ఇవాళ్టి సీఎన్‌సీ మెషీన్ అంతా ఆ ముగ్గురి పనే. 1949లో అమెరికా వైమానిక దళం డబ్బిచ్చింది, ఎంఐటీ చేయి కలిపింది, 1952లో చిల్లుల టేపు చదివి తనంతట తానే కోసే మిల్లింగ్ మెషీన్‌ని లోకానికి చూపించారు. పార్సన్స్, స్టూలెన్‌లకి పేటెంట్ 1958లో వచ్చింది. అలాంటి మెషీన్ ఫ్యాక్టరీలు దాటి ఇంటి షెడ్డుకి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. 1990లలో డ్యూక్ యూనివర్సిటీ ప్రొఫెసర్ టెడ్ హాల్‌కి ప్లైవుడ్ పడవలు కట్టే సరదా ఉండేది. పెద్ద కంపెనీల మెషీన్లు అందని ధర కావడంతో తనే ఒకటి తయారు చేసుకున్నాడు. షాప్‌బాట్ కంపెనీ అలా పుట్టింది.

ఇక షెడ్డులో అసలు పరీక్ష మూలమట్టం. దూలం బల్లకి కచ్చితంగా అడ్డంగా నిలబడాలి. అది వంకరగా నడిస్తే తలుపు పలక కూడా వంకరగానే వస్తుంది. కొడుకు ఒక చెక్క మీద 450 వెడల్పు, 600 పొడవు పెట్టి నాలుగు మూలలా మెషీన్‌తో చుక్కలు పొడిపించాడు. మూడు, నాలుగు, అయిదు లెక్క ఏ వడ్రంగికీ చెప్పక్కర్లేదు. ఐమూల 750 రావాలి. టేపు పట్టాడు. ఒక ఐమూల 750 దాటింది, రెండోది దానికి కాస్త తగ్గింది. మళ్లీ పట్టాడు. ఈసారి రెండూ సమానంగా కనిపించాయి.

"టేపు కొక్కెం ఆడుద్దిరా. అది ఒక్కోసారి ఒక్కోటి చెప్పుద్ది. పక్కకి జరుగు."

పెద్దాయన రెండు సన్నటి టేకు పుల్లలు తెచ్చాడు. ఒక్కోదానికి ఒక కొస ఉలితో పెన్సిల్ ములుకులా చెక్కాడు. రెంటినీ ఒకదానిమీద ఒకటి ఆనించి, ములుకులు ఎదురెదురు చుక్కల్లో కూర్చునేదాకా సాగదీసి, మధ్యలో గట్టిగా పట్టుకున్నాడు. రెండు పుల్లల మీదుగా ఒకటే పెన్సిల్ గీత గీశాడు. తర్వాత రెండో ఐమూలకి పెట్టి సాగదీశాడు. గీత రెండుగా విడిపోయింది. ఒక పుల్ల మీది గీతకీ రెండో పుల్ల మీది గీతకీ మధ్య తేడా మూడు మిల్లీమీటర్లు.

అంకె లేదు, బ్యాటరీ లేదు. తేడా కళ్లెదుట ఉంది.

కొడుకు దూలం ఒక పక్క బోల్టులు వదులు చేశాడు. తండ్రి కొయ్యసుత్తితో మెల్లగా తట్టాడు. బిగించడం, చుక్కలు పొడవడం, పుల్లలు సాగదీయడం, మళ్లీ వదులు చేయడం. ఒకరు సుత్తి, ఒకరు స్పానర్. ఇంట్లోంచి అన్నానికి పిలుపులు వచ్చాయి, ఎవరూ కదల్లేదు. చివరికి రెండు పుల్లల మీదా గీత ఒకటే అయింది.

మోటారు నిటారుగా ఉందో లేదో చూడ్డానికి పెద్దాయన పాత సైకిల్ చక్రంలోంచి ఒక పుల్ల లాగాడు. దాన్ని వంచి బిట్టు పెట్టే చోట బిగించి, బల్లమీద అద్దం పరిచి, చేత్తో చుట్టూ తిప్పాడు. ఎడమ వైపు పుల్ల అద్దాన్ని గీస్తోంది, కుడి వైపు సందు కనిపిస్తోంది. మోటారు పట్టులో సన్నటి రేకు ముక్క పెట్టి సర్దారు. ఆ తర్వాతే బల్ల మీద ఎండీఎఫ్ షీటు బిగించి దాన్ని మెషీన్‌తోనే చదును చేయించారు. దానివల్ల బల్ల ఎంత ఎగుడుదిగుడుగా ఉన్నా బిట్టుకీ పలకకీ మధ్య లోతు అంతటా ఒకటే అవుతుంది.

కరెంటు సంగతి చెప్పకుండా దాటలేను. బిట్టుని తిప్పే స్పిండిల్ మోటారుని వీఎఫ్‌డీ అనే పెట్టె నడుపుతుంది. ఇంటి 50 హెర్ట్జ్ సింగిల్ ఫేజ్ కరెంటుని అది 400 హెర్ట్జ్ త్రీఫేజ్ చేసి ఇస్తేనే నిమిషానికి 24,000 చుట్లు వస్తాయి. పెట్టెలో సెట్టింగు 50కి తగ్గట్టే ఉండగా ఆన్ చేస్తే మోటారు చుట్టలు కాలిపోవచ్చు. కొడుకు పుస్తకం పక్కన పెట్టుకుని ఒక్కో అంకె నింపాడు. మోటారుని చల్లబరిచే నీళ్ల పంపు ముందు ఆన్ చేశాడు, ఎర్త్ తీగని విడిగా తవ్విన గోతికి కలిపాడు. ఎర్రటి ఎమర్జెన్సీ స్విచ్చు తండ్రి చేతికందే చోట బిగించాడు.

దుమ్ము గొట్టం మాత్రం తర్వాత చూద్దాం అనుకున్నాడు. ఇంటావిడ ఒప్పుకోలేదు. షెడ్డుకీ వంటగదికీ మధ్య ఒక్క గోడే ఉంది. ఆవిడ పట్టుదలే సరైనది. చెక్క దుమ్ము క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చింది. దాన్ని ఇంట్లోకి పోనిచ్చే ఏ ఏర్పాటూ పూర్తయిన ఏర్పాటు కాదు. దుమ్ము లాగే మెషీన్ వచ్చేదాకా మొదటి కోత ఆగింది.

మొదటి కోత పనికిరాని టేకు ముక్క మీద వేశారు. బిట్టు దిగింది, సన్నగా కూసింది. కాసేపటికి పెద్దాయన ముక్కు పుటాలు అదిరాయి.

"ఆపు. కర్ర మాడతంది."

గాడిలో వేలు పెట్టి రాలింది తీసి నలిపాడు. "ఇది పొట్టు కాదు, పిండి. ఉలి మొండిదైతే ఇలాగే రాలుద్ది."

బిట్టు కొత్తదే. నడకే నెమ్మది. రెండు పళ్ల బిట్టు నిమిషానికి 18,000 చుట్లు తిరుగుతూ 600 మిల్లీమీటర్లే ముందుకెళ్తే, ఒక్కో పన్నుకి దక్కేది మిల్లీమీటరులో అరవయ్యో వంతు. అంత పలచటి పొరని పన్ను కోయలేదు, రాపాడుతుంది. పైగా టేకులో సిలికా ఉంటుంది, పదును తినేస్తుంది. చుట్లు తగ్గిద్దామా, నడక పెంచుదామా అని కొడుకు ఆలోచిస్తుంటే, "చిత్రిక పట్టేటప్పుడు చెయ్యి ఆపుతామేంట్రా, తోస్తాం" అన్నాడు తండ్రి. నడక 1800కి పెంచారు. పన్నుకి ఇరవయ్యో వంతు అందింది. కూత బరువుగా మారింది, గొట్టంలోకి పొట్టు గలగల్లాడుతూ వెళ్లింది.

తర్వాత తాతగారి చెట్టు పలక ఎక్కింది. పద్మం, చుట్టూ గళ్ల అంచు. గుండ్రంగా తిరిగే బిట్టుకి లోపలి మూల చదరంగా రాదు. ప్రతి గడి మూలా గుండ్రంగా మిగిలింది. పెద్దాయన వాటిని ఉలితో తీర్చాడు. తీరుస్తూనే పద్మం మీద వేలు నడిపించి ఒకచోట ఆపాడు.

"ఈ రేకు కొస ఎదురు నారకి లేచింది చూడు. రెండో పలకకి ఇక్కడ లోతు ఒక్కసారే లాగకు. రెండు దఫాలు తియ్యి, రెండోది పలచగా."

కొడుకు ఫైలు తెరిచి రేకుల దగ్గర కోతని రెండుగా విడగొట్టాడు. రెండో పలకకి కాస్త ఎక్కువసేపు పట్టింది. రేకులు లేవలేదు. తలుపులు ముహూర్తానికి ముందురోజే బిగించారు.