సంశ్లేషణ: మెత్తని ఘనపదార్థాల స్పర్శ

మెత్తని ఘనపదార్థం గట్టి తలాన్ని ఎంత మేర తాకుతుందో పైనుంచి నొక్కే బరువు ఒక్కటే నిర్ణయించదు. తలాల మధ్య ఆకర్షణకూ అందులో వాటా ఉంది. 1882లో హైన్‌రిష్ హెర్ట్జ్ ఇచ్చిన సిద్ధాంతం దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఆ ప్రకారం బరువు తీసేస్తే స్పర్శ వైశాల్యం సున్నా కావాలి. కానీ నున్నని రబ్బరు గోళాన్ని శుభ్రమైన గాజుపై ఆనిస్తే, బరువు లేకున్నా స్పర్శ వలయం మిగిలే ఉంటుంది, విడదీయాలంటే లాగాల్సిందే. జాన్సన్, కెండల్, రాబర్ట్స్ 1971లో దీన్ని శక్తి లెక్కతో వివరించారు. తలాలు కలిస్తే ఉపరితల శక్తి తగ్గుతుంది, రబ్బరు రూపం మారితే స్థితిస్థాపక శక్తి పెరుగుతుంది; ఈ రెండూ తూగినచోట వలయపు అంచు ఆగుతుంది.

ఈ లెక్కలో ఒక వింత ఉంది. గోళాన్ని ఊడదీసే బలం దాని వ్యాసార్ధం మీద, సంశ్లేషణ శక్తి మీద ఆధారపడుతుంది గానీ గట్టిదనం మీద కాదు. మరి ఉక్కు గోళీ గాజుకు ఎందుకు అంటుకోదన్న ఆక్షేపణ సహజమే. కారణం గరుకుదనం. రబ్బరు సన్నని ఎగుడుదిగుడుల్లోకి ఒదుగుతుంది; ఉక్కు కొన్ని శిఖరాలపైనే నిలుస్తుంది. ఫుల్లర్, టేబర్ 1975లో చూపినట్టు, మైక్రాన్ స్థాయి గరుకుతనం చాలు, రబ్బరు పట్టూ సడలుతుంది: ఎత్తైన శిఖరాలు నొక్కుకుపోయి, తిరిగి నెడుతూ, పొట్టివాటి అతుకును తెంచేస్తాయి. అదే ఏడు డెర్యాగిన్ బృందం ఊడదీసే బలానికి 1971 లెక్క కంటే మూడోవంతు ఎక్కువ విలువ ప్రతిపాదించింది. కొంత వాదులాట తర్వాత తేలిందేమంటే, వారి సూత్రం చిన్న, గట్టి గోళాలకూ, 1971 సూత్రం పెద్ద, మెత్తని గోళాలకూ సరిపోతుంది.