ట్యూమర్ మార్కర్ ఎక్కువొచ్చిందా? కంగారు పడకండి

గల్ఫ్‌లో చేయించుకున్న రక్తపరీక్షలో ట్యూమర్ మార్కర్ ఎక్కువ వచ్చినంత మాత్రాన క్యాన్సర్ ఉన్నట్టు కాదు. పొగతాగే వాళ్లకు సీఈఏ, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉంటే పీఎస్ఏ, నెలసరి రోజుల్లో సీఏ-125 పెరగొచ్చు. నార్మల్ వచ్చినా క్యాన్సర్ లేదని గ్యారంటీ లేదు. చాలా క్యాన్సర్లను ఖాయం చేసేది బయాప్సీయే.

ఈ పరీక్ష ఎక్కువగా పనికొచ్చేది చికిత్సలో ఉన్నవాళ్లకు. అంకె తగ్గుతోందా, పెరుగుతోందా అన్నదాన్ని స్కాన్‌లతో కలిపి చూసి మందు పనిచేస్తోందో లేదో డాక్టర్ అంచనా వేస్తారు. ల్యాబ్ మారితే అంకె మారొచ్చు, కాబట్టి వీలైనంతవరకు ఒకేచోట చేయించుకోండి. చికిత్స కోసం ఊరికి వస్తుంటే పాత రిపోర్టులు, స్కాన్ సీడీలు, బయాప్సీ స్లైడ్లు వెంట తెచ్చుకోండి.

తగ్గని గడ్డ, మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం కనిపిస్తే మార్కర్ నార్మల్‌గా ఉన్నా ఆలస్యం చేయకుండా డాక్టర్‌ను కలవండి.